మంచం పట్టినవారికి సత్ప్రసాదం అందాలి: డెల్టా కతోలిక విచారణల పెద్దలకు, పండుగ కమిటీలకు బహిరంగ లేఖ

విచారణ (ఒక ఫాదరుగారి కింద ఉండే గుళ్ళ, ఊళ్ళ సంఘం) సలహా మండలి పెద్దలకు, పండుగ కమిటీల్లోని అన్నదమ్ములకు, మాతృసంఘం అక్కచెల్లెళ్ళకు, యువతకు నా వందనాలు.

నేను గోదావరి డెల్టాలో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. కాలవ గట్ల వెంట మొదట సైకిలు మీద, తర్వాత స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగాను. ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగరు ముదిరింది, పక్షవాతం వచ్చి ఎవరు మంచంలో పడ్డారు అన్న సంగతులు మన గుడి రిజిస్టర్లలో ఉండవు, నా బోటివాళ్ళకు తెలుస్తాయి. క్రీస్తు శరీర రక్తముల పండుగకు మీరు సమావేశాలు పెట్టుకునే రోజులివి. పందిరి, లైటింగు, అన్నదానం లెక్కలు మొదలవకముందే ఒక్క సంగతి మీ చెవిన వేయాలని రాస్తున్నాను. పూజకు రాలేక ఇళ్ళల్లో ఉండిపోయిన మనవాళ్ళకు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా పంచే అప్పం, అందడం లేదు. కొందరికి నెలలు గడిచాయి, కొందరికి ఏళ్ళు. ప్రతి ఆదివారం గుడిలోని పీఠం దగ్గర నుంచి వాళ్ళ మంచం దాకా సత్ప్రసాదం వెళ్ళే ఏర్పాటు ఈ పండుగతో మొదలుపెట్టండి. నేను అడిగేది ఇదే.

నేను వెళ్ళిన కతోలిక ఇళ్ళల్లో ముసలివాళ్ళు మాత్రల గురించి అడిగినదానికంటే, “నర్సమ్మా, ఫాదరుగారు ఈ నెలయినా వస్తారా?” అని అడిగింది ఎక్కువ. ఒక మామ్మ సంగతి చెబుతాను. పెంకుటింటి వసారాలో నులకమంచం, తల వైపు గోడకు తిరుహృదయం పటం. తుంటి ఎముక విరిగాక లేవలేదు. వీపున పుండు పడింది, నేను కట్టు మార్చడానికి వెళ్ళేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నెలలో మొదటి శుక్రవారం పూజ ఏనాడూ తప్పని మనిషి. గుడి ఆ ఇంటికి ఆరిళ్ళ అవతలే. ఆదివారం మైకులో పూజ మొత్తం ఆమె మంచం మీదికి వినపడుతుంది. గురువు (ఫాదరుగారు) ప్రార్థన చెబితే ఈమె పడుకునే జవాబు చెబుతుంది. గంట మోగగానే చేతులు జోడించి కళ్ళు మూసుకుంటుంది. సత్ప్రసాదం పంచే పాట మొదలవుతుంది, అయిపోతుంది, జనం ఆ వసారా ముందు నుంచే ఇళ్ళకు పోతారు. అంతమందిలో ఒక్కరూ ఆమెకు సత్ప్రసాదం తెచ్చినవారు లేరు. మైకు వెళ్ళిన చోటికి మనం వెళ్ళలేకపోయాం.

ఇందులో గురువులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన విచారణ ఒక్కొక్కదాని కింద ఎన్ని ఊళ్ళున్నాయో మీకు తెలుసు. ఆదివారం తెల్లవారుజామున ఒక ఊళ్ళో పూజ, తర్వాత విచారణ గుడిలో పెద్దపూజ, ఎండ నెత్తికెక్కాక రేవులో పంటు ఎక్కి లంకలో ఇంకో పూజ. మధ్యలో ఒక పెళ్ళి మాట, ఒక భూస్థాపన. మిగతా రోజుల్లో స్కూలు, హాస్టలు. ఒక్క మనిషి ఎన్ని మంచాల దగ్గరకు వెళ్ళగలడు? చిన్న ఊళ్ళ గుళ్ళల్లో సత్ప్రసాదం ఉంచుదామన్నా, దాన్ని చూసుకునే మనిషి ఎప్పుడూ ఉండాలి, వీలైనంతవరకు నెలకు రెండుసార్లయినా అక్కడ పూజ జరగాలి అంటుంది శ్రీసభ ధర్మశాస్త్రం 934వ నియమం. కాబట్టి చాలా ఊళ్ళకు విచారణ గుడి నుంచే తీసుకువెళ్ళాలి. తీసుకువెళ్ళే చేతులు కావాలి.

ఆ చేతులు మనవే కావచ్చని రోము చెప్పి యాభై ఏళ్ళు దాటింది. ఆరవ పౌలు జగద్గురువుల (పోపు) కాలంలో, 1973 జనవరి 29న వెలువడిన ఉత్తర్వు ప్రకారం గురువులు, మఠకన్యలే కాక సామాన్య విశ్వాసులు కూడా సత్ప్రసాదం అందించే సేవకు నియమితులు కావచ్చు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా. 1983 ధర్మశాస్త్రంలో 230, 910 నియమాలు దాన్నే ఖాయం చేశాయి. మేత్రాణుల (బిషప్పుగారి) అనుమతి కావాలి, శిక్షణ కావాలి, మంచి నడవడి ఉన్న మనిషి కావాలి. ఇవన్నీ మనకు సాధ్యమైనవే. చాలా చోట్ల మఠకన్యలు ఈ సేవ చేస్తున్నారు, వాళ్ళకు ఎంత రుణపడ్డా తక్కువే. కానీ మఠం లేని ఊళ్ళ మాటేమిటి? అక్కడ ఉపదేశిగారు, ఒక రిటైర్డు టీచరు, అందరూ గౌరవించే ఒక అమ్మ, ఇలా ఊరికి ఇద్దర్ని ఎంచి విచారణ గురువుల ద్వారా మేత్రాణులకు పేర్లు పంపడం సలహా మండలి పని. మండలి అంటే వసూళ్ళ లెక్క చూసేది మాత్రమే కాదు కదా.

ఇది కొత్తగా కనిపెట్టిన సేవ కూడా కాదు. క్రీ.శ. 155 ప్రాంతంలో పునీత జస్టిన్ రోము చక్రవర్తికి రాసిన విన్నపంలో క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో వివరించాడు. పట్నంలోవాళ్ళు, పల్లెలవాళ్ళు ఒకచోట చేరతారు, గ్రంథాలు చదువుతారు, రొట్టె మీద, ద్రాక్షారసం మీద కృతజ్ఞతా ప్రార్థన జరుగుతుంది, అందరూ స్వీకరిస్తారు, రాలేనివారికి డీకన్లు (సంఘ సేవకులు) తీసుకువెళ్ళి ఇస్తారు. ఆ వెంటనే కానుకల సంగతి చెబుతాడు. ఆ సొమ్ము అనాథలకు, విధవరాళ్ళకు, రోగులకు, ఖైదీలకు, పరాయి ఊరి నుంచి వచ్చినవారికి. అప్పటికింకా క్రైస్తవులకు సొంత గుళ్ళు లేవు, హింసల కాలం. అలాంటి రోజుల్లోనే రాలేనివారి వాటా వాళ్ళ ఇంటికి చేరేది. మనకు గుడి ఉంది, మైకు ఉంది, ఇంటింటికీ బండి ఉంది.

పీఠబాలలకు ఈ కథ చెప్పండి. రోములో తార్సిషియస్ అనే పునీతుడు సత్ప్రసాదం తీసుకువెళుతుంటే దారిలో అటకాయించారు. అది వాళ్ళ చేతుల్లో పెట్టడం కంటే చావే నయమనుకుని దెబ్బలకు ప్రాణం విడిచాడని నాలుగో శతాబ్దంలో దమాసు జగద్గురువులు ఆయన సమాధి మీద రాయించారు. పీఠబాలలకు ఆయనే పాలక పునీతుడు. మన పిల్లలు చక్కటి ఎర్ర అంగీలు వేసుకుని సాంబ్రాణి పట్టుకుంటున్నారు. వాళ్ళల్లో ఒకణ్ణి కొవ్వొత్తి పట్టుకుని రోగి ఇంటిదాకా ముందు నడవమనండి. ఉపదేశ తరగతిలో ఏడాదంతా చెప్పిన పాఠం వాడికి ఆ దారిలో ఎక్కుతుంది.

ఇక పండుగ గురించి. నాకు ఊరేగింపంటే ప్రాణం. 1264లో నాలుగవ ఉర్బాను జగద్గురువులు శ్రీసభ అంతటికీ ఏర్పాటు చేసిన పండుగ ఇది. మన డెల్టాలో ఇది కాలవలకు నీళ్ళు వదిలే రోజుల్లో, నారుమళ్ళు సిద్ధమయ్యే వేళకు వస్తుంది. కొబ్బరాకు తోరణాలు, వాకిళ్ళలో ముగ్గులు, పిల్లల చేతుల్లో పూలరేకులు. ఇవన్నీ ఉండాలి. అయితే సత్ప్రసాద ఊరేగింపు వెళ్ళేది మెయిన్ రోడ్డు మీద మాత్రమే. ఎందుకంటే జనరేటరు బండి, డీజే బండి సందుల్లో పట్టవు. బండి పట్టని సందుల్లోకి ప్రభువు కూడా వెళ్ళకుండా పోతున్నాడు. ఈ ఏడు డీజే బండిని ఆపేయండి. ఛత్రం కింద సత్ప్రసాదం పట్టుకున్న గురువు సందులో నడవగలరు, పాడేవాళ్ళు నడవగలరు. మంచం పట్టినవాళ్ళున్న ప్రతి గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగి దీవెన ఇప్పించండి. అంతకుముందే, పొద్దున పూజ అవగానే, ఆ ఇళ్ళకు సత్ప్రసాదం పంపించండి.

ఫిబ్రవరి 11 సంగతి కూడా ఆలోచించండి. ఆ రోజు మన ఊళ్ళ నుంచి బస్సులు, ఆటోలు గుణదల మాత తిరునాళ్ళకు బారులు తీరతాయి. నేనూ వెళ్ళాను, కొండ ఎక్కాను. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1992లో అదే రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ఏర్పాటు చేశారు. లూర్దు మాత పండుగ గనుక. ఊరంతా మాత దగ్గరకు వెళ్ళిన రోజున రోగులు ఊళ్ళో ఒంటరిగా మిగిలిపోతున్నారు, పక్కనుండే కోడలు కూడా బస్సెక్కితే మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. మార్చిలో నిర్మలగిరి పండుగకూ అంతే. బస్సు మాట్లాడేటప్పుడే ఊళ్ళో ఉండేదెవరో, రోగుల ఇళ్ళకు సత్ప్రసాదం తీసుకువెళ్ళేదెవరో మాట్లాడుకోండి. నిలిచినవాళ్ళ యాత్ర ఆ రోజు మంచాల దగ్గరే జరిగింది అనుకోవాలి.

ఇంటికి సత్ప్రసాదం వెళ్ళడంలో నర్సుగా నేను చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇవి తెలియకే చాలామంది వెనకాడుతున్నారు.

పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మింగడం కష్టం. పడుకున్నవారి నోట్లో అప్పం పెడితే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. తలగడలు పెట్టి కూర్చోబెట్టాలి. ముందు ఒక చెంచా నీళ్ళు తాగించి చూడాలి. గొంతు కదిలి, దగ్గు రాకుండా మింగితే అప్పంలో చిన్న తునక ఇవ్వండి, వెంట ఇంకో చెంచా నీళ్ళు. తునకే కదా అని బెంగ వద్దు. విడదీసిన ప్రతి భాగంలోనూ క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడన్నది 1551లో త్రెంతు మహాసభ (మేత్రాణుల సభ) స్పష్టంగా చెప్పిన విశ్వాసం. అప్పం అసలు మింగలేనివారికి ద్రాక్షారస రూపంలోనే ఇవ్వవచ్చని 925వ నియమం. అది ఎలాగన్నది విచారణ గురువులు చెబుతారు. ముక్కులో గొట్టం ఉన్నవారి సంగతి ముందు డాక్టరుగారిని అడగాలి.

ఉపవాసం సంగతి ఇంకా పట్టుకుని వేలాడేవాళ్ళున్నారు. పాత రోజుల్లో అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా సత్ప్రసాదం తీసుకునేవారు. పన్నెండవ పీయూసు జగద్గురువులు 1953లో నీళ్ళకు మినహాయింపు ఇచ్చారు, 1957లో మూడు గంటలకు తగ్గించారు, 1964లో ఆరవ పౌలు జగద్గురువులు గంటకు తెచ్చారు. ముసలివారికి, రోగులకు, వారికి సేవ చేసేవారికి ఆ గంట కూడా లేదు, 919వ నియమం చూడండి. ఇది తెలియక షుగరు ఉన్న మామ్మలు ఆదివారం టిఫిను, మాత్ర మానేసి పెద్దపూజకు వచ్చి గుడిలోనే కళ్ళు తిరిగి పడిపోవడం నేను చూశాను. దయచేసి మైకులో ప్రకటించండి. మందు వేసుకోవడం, మందుతో పాటు తినవలసింది తినడం భక్తికి లోటు కాదు.

మతిమరుపు వచ్చినవారికి ఇవ్వాలా అని అడుగుతారు. కన్నకొడుకు పేరు మరిచిన తాతయ్య దగ్గర “దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా” అని మొదలుపెట్టి చూడండి. తక్కినది ఆయనే పూర్తి చేస్తాడు. అలాంటి మనిషికి గురువుల సలహాతో సత్ప్రసాదం ఇవ్వాలి, పక్కన కూర్చుని, తొందర లేకుండా.

ఇల్లు బాగాలేదని, వాసన వస్తుందని సిగ్గుపడి వద్దనే కుటుంబాలున్నాయి. ఇక్కడ మాతృసంఘం సాయం కావాలి. శనివారం సాయంత్రం ఇద్దరు వెళ్ళి దుప్పటి మార్చి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి రండి. ఒక ముక్కాలిపీట, దాని మీద తెల్ల గుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్ళు. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. తీసుకువెళ్ళేవారు గుడి నుంచి తిన్నగా ఆ ఇంటికే వెళ్ళాలి, దారిలో టీ కొట్టు దగ్గర ఆగకూడదు, ఫోను జేబులో మోగకూడదు. ఇంటికెళ్ళాక రోగికే కాదు, పక్కనున్న కోడలికీ ఇవ్వండి. రోజుల తరబడి మంచం విడిచి గుడికి రాలేకపోయింది ఆవిడే.

అవస్థాభ్యంగనం, అంటే రోగికి తైలం పూసే సంస్కారం మాటకొస్తే, అది గురువులు మాత్రమే ఇవ్వాలి, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం) కూడా అంతే. కానీ ఎప్పుడు పిలవాలో చెప్పవలసింది మనం. తైలం పూస్తే ప్రాణం పోతుందన్న భయంతో మన ఊళ్ళల్లో స్పృహ తప్పాక కబురు పెడతారు. చివరి ఘడియ దాకా ఆగవద్దని, జబ్బు వల్లగానీ ముసలితనం వల్లగానీ ప్రమాదం మొదలైనప్పుడే తగిన సమయమని 1963లోనే రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. చనిపోయేవారికి ఇచ్చే చివరి సత్ప్రసాదం కూడా స్పృహలో ఉండగానే అందాలని 922వ నియమం గట్టిగా చెబుతోంది. శ్వాస మారడం, కాళ్ళు చల్లబడడం, తిండి మానడం, ఇవి మొదట చూసేది ఇంట్లోవాళ్ళూ నాలాంటి నర్సులూ. కబురు రాత్రి పదకొండింటికొచ్చినా గురువుగారిని బండి మీద తీసుకువచ్చే కుర్రాళ్ళు యువతలో ఇద్దరు ఉండాలి. 2022 జులై వరదల్లో లంకలకు పడవలు తప్ప దారి లేని రోజులు చూశాం. ఏటిగట్టు మీద మూడో ప్రమాద హెచ్చరిక పడ్డాక ఆలోచిస్తే లాభం లేదు, లంకల్లో ఉన్న రోగుల దగ్గరకు వరదల ముందే వెళ్ళి రావాలి.

రెండు కష్టమైన మాటలు చెప్పకుండా దాటెయ్యలేను.

ఫాదరుగారి తెల్ల అంగీ తమ గుమ్మం ముందు ఆగితే పిల్లల కుల ధ్రువీకరణ ఏమవుతుందోనని భయపడే ఇళ్ళు మన పేటల్లో ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆ భయంతో ముసలి తల్లి అడుగుతున్నా ఫాదరుగారిని పిలవని కొడుకుల్ని నేను చూశాను. వాళ్ళను పిరికివాళ్ళని తిట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు. అలాంటి ఇంటికి హంగు లేకుండా, రోజూ పలకరించే పక్కింటి అక్కలాగే సత్ప్రసాద సేవకురాలు వెళ్ళి రావచ్చు. ఈ సేవ సామాన్య విశ్వాసుల చేతుల్లో ఉండాలనడానికి ఇదొక్కటే చాలు.

రెండోది మన లోపలిది. ఫలానా వాడ మనిషి చేతి మీదుగా మా ఇంట్లో సత్ప్రసాదం ఏమిటి అనే గొంతులు, సేవకుల పేర్లు ఎంచగానే లేస్తాయి. అంటరానితనం మన మధ్య కూడా ఉందని భారత కతోలిక మేత్రాణులే 2016 డిసెంబరులో దళితుల సాధికారత మీద విధాన పత్రం విడుదల చేస్తూ ఒప్పుకున్నారు. కాబట్టి లేదని బుకాయించకండి. కొరింతు సంఘంలో ఉన్నవాళ్ళు ముందు తినేసి లేనివాళ్ళను సిగ్గుపరిచినందుకు పౌలు మొదటి లేఖ 11వ అధ్యాయంలో ఎంత కోపపడ్డాడో చదవండి. ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. సేవకులను ఎంచేటప్పుడు ప్రతి వాడ నుంచీ ఎంచండి, ప్రతి వాడకూ కలిపి పంపండి. చేతిని చూసి సత్ప్రసాదం వద్దనేవారి కోసం ఏర్పాటు మార్చకండి. ఆ మాట మాత్రం గట్టిగా పట్టుకోండి.

మంచం పట్టకపోయినా పూజకు రాలేనివారున్నారు. రొయ్యల చెరువు పట్టుబడి రాత్రిపూట మొదలవుతుంది, తలలు తీసే షెడ్లకు మన ఆడవాళ్ళు చీకటితో ఆటోలెక్కుతారు. కిలోల లెక్కన కూలి, ఆదివారమని ఆగదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి గుడికి తాళం. హుండీల దొంగతనాల భయం నాకు తెలుసు, అయినా సత్ప్రసాదం ఉన్న గుడి రోజూ కొన్ని గంటలైనా తెరిచి ఉండాలన్నది 937వ నియమం. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇద్దరిద్దరు వంతులేసుకుని కూర్చుంటే చాలు. పెద్ద ఆరాధన ఏర్పాట్లు అక్కర్లేదు, దీపం వెలుగుతున్న మందసం (సత్ప్రసాదం ఉంచే పెట్టె) ముందు కూర్చునే చోటు దొరికితే ఆ తల్లులకు అదే పదివేలు.

ఫోనులో పూజ చూస్తున్నారుగా అంటారు కొందరు. 2020 లాక్‌డౌన్‌లో అది మనల్ని ఆదుకుంది, కువైట్‌లో ఉన్న కూతురు ఇక్కడి తల్లికి లింకు పంపి, ఇద్దరూ ఒకే పూజ చూసేవారు. మంచిదే. కానీ ఫోను ఆపాక ఆ తల్లి నాలుక మీద ఏమీ లేదు. సత్ప్రసాదాన్ని అమరత్వపు ఔషధమన్నారు అంతియోకయ మేత్రాణి పునీత ఇగ్నేషియస్, రెండో శతాబ్దం మొదట్లో. మందు బొమ్మ చూపించి రోగిని పంపేసే నర్సును మీరు ఊరుకుంటారా?

మొదటి పని, ప్రతి వాడకూ ఒక పుస్తకం. పూజకు రాలేనివారి పేరు, ఇల్లు, మింగగలరా లేదా, పక్కన ఎవరుంటారు, చివరిసారి సత్ప్రసాదం ఎప్పుడు తీసుకున్నారు. పుస్తకం గుడిలో పెట్టి తాళం వేయండి, అది పదిమందీ తిరగేసేది కాదు. ప్రతి శనివారం విచారణ గురువులతో కూర్చుని, రేపు ఎవరు ఎక్కడికి వెళ్ళాలో రాసుకోండి. పండుగ చందాల్లో మొదటి ఖర్చు దీనికే పెట్టండి: లంకలకు పంటు ఛార్జీ, బండికి పెట్రోలు, సత్ప్రసాదం తీసుకువెళ్ళే చిన్న పాత్రలు. లైటింగు మిగిలినదాంతో చేసుకోవచ్చు.

మీ సమావేశం ఏ రోజు పెట్టినా కబురు చేయండి, వస్తాను. సేవకులుగా ఎంచినవారికి రోగిని ఎలా కూర్చోబెట్టాలో, చెంచాతో ఎలా చూడాలో చేసి చూపిస్తాను. మా వాడ పేర్లు రాయడం పూర్తయింది, ఆ కాగితం విచారణ గురువులకు ఇచ్చాను. మిగతా వాడల పేర్లు మీరు ఇవ్వాలి.

ప్రభువునందు మీ సహోదరి,
డెల్టాలోని ఒక రిటైర్డు ఏఎన్‌ఎం